యాభై వేలమంది బ్యాండు మేళం

రిజిస్టరులో ఆమెకు చక్కని పేరొకటి ఉండే ఉంటుంది. ఎవరికి కావాలి? గుండీల కార్ఖానాలో చేరిన పదహారేళ్ళలో ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. మేస్త్రీ దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆమె ఎందుకమ్మ. నోరు తెరిస్తే "ఎందుకు?" అని తప్ప మరో మాట రాని మనిషికి అంతకన్నా తగిన పేరు ఎవరు పెట్టగలరు చెప్పండి!

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. ఆరేళ్ళ వయసులో, మీట నొక్కితే గొడుగు ఎందుకు తెరుచుకుంటుందో చూద్దామని ఇంట్లో ఉన్న ఒక్క గొడుగునూ ఊచ ఊచగా విప్పేసింది. ఆ వానాకాలమంతా వాళ్ళమ్మ నెత్తిన గోనెసంచి కప్పుకుని పనికి వెళ్ళింది. ఎనిమిదో ఏట తలుపు తాళం కడుపులో ఏముందో చూడాలనిపించింది. చూసింది. ఇంటిల్లిపాదీ ఒక పూటంతా వీధిలో నిలబడ్డారు. "నిన్ను కన్నానా, కోర్టు ప్లీడరును కన్నానా?" అని తల్లి నెత్తి కొట్టుకునేది. తండ్రి మాత్రం ముసిముసిగా నవ్వేవాడు. ఆయన ఈ కార్ఖానాలోనే గుండీలను అట్టలకు కుట్టి పెట్టెల్లో సర్దేవాడు. దగ్గు ముదిరి ఆయన పోయేనాటికి ఆమెకు పదహారు, తమ్ముడికి ఏడు. నెల తిరక్కుండా మేస్త్రీ ఆమెను తీసుకొచ్చి మూడో ప్రెస్సు ముందు కూర్చోబెట్టాడు.

గుండీ చేయడంలో ఏముందిలే అనిపిస్తుంది. చేస్తే తెలుస్తుంది. ఇత్తడి బిళ్ళను అచ్చులో పెట్టి పిడి లాగాలి. పైనుంచి దిమ్మ దిగి ధబ్బుమని బిళ్ళ మీద బొమ్మ పడుతుంది. దాని వెనక, దారం దూరే చెవి ఉన్న ఇంకో చిన్న రేకు పెట్టి మరో దెబ్బ వేస్తే ముందూ వెనకా కరుచుకుంటాయి. ఇలా రోజుకు వెయ్యి. రేకుల కప్పు కింద వరసగా పదకొండు ప్రెస్సులు, పదకొండుమంది ఆడవాళ్ళు, పొద్దస్తమానం ధబ్బు ధబ్బు. ఎంత తోముకున్నా వేళ్ళ సందుల్లో ఇత్తడి వాసన పోదు. ఎవరి వెనకరేకుల డబ్బా వాళ్ళది. వాటి మీద ఎవరి గుర్తు వాళ్ళది. ఒకటో ప్రెస్సుకు ఒక చుక్క, రెండో దానికి రెండు, ఎందుకమ్మకు మూడు. గుండీ ఊడినా, వంకరపోయినా వెనక్కి తిప్పి చూస్తే ఎవరి చేతి పనో తెలియాలని యజమాని పెట్టిన ఏర్పాటు అది. తిట్లు సరైన చిరునామాకు చేరాలి కదా!

యుద్ధం మొదలైన ఏడు, మార్చి నెలలో ఒక పొద్దున మేస్త్రీ కొత్త అచ్చులు పట్టుకొచ్చాడు. వాటి మీద కొమ్ములు తిరిగిన దుప్పి బొమ్మ. ముద్దుగా ఉంది.

"ఎవరికండీ ఇవి?" అంది ఎందుకమ్మ.

"పైదేశంలో ఏదో బ్యాండు మేళం వాళ్ళకట."

"ఎన్ని కావాలట?"

"నాలుగు లక్షలు."

ఎందుకమ్మ వేళ్ళు మడిచి లెక్క వేసింది. "కోటుకి ఎనిమిదేసి వేసుకున్నా యాభై వేలమంది. మేస్త్రీ గారూ, యాభై వేలమందీ వాయించేవాళ్ళే అయితే ఇక వినేదెవరండీ?"

షెడ్డంతా గొల్లుమంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది మేస్త్రీయే. కళ్ళు తుడుచుకుంటూ, "నీకెందుకమ్మా! నువ్వు గుండీలు కొట్టు, వినే జనాన్ని వాళ్ళే వెతుక్కుంటారు" అన్నాడు. ఎందుకమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే పిడి లాగింది. ఆరు వారాల్లో ఆమె చేతి మీదుగా ముప్ఫై ఆరు వేల దుప్పులు పెట్టెల్లోకి వెళ్ళాయి. అవి పూర్తయ్యీ కాకముందే ఇంకో అచ్చు వచ్చింది. దాని మీద కోట బురుజు. అవి మన సైన్యానికే, ఆరు లక్షలు కావాలన్నారు. ఉన్న గుండీలకు ఏం పుట్టిందని అడిగింది ఆమె. ఈసారి మేస్త్రీ నవ్వలేదు, విసుక్కున్నాడు.

ఆగస్టులో యుద్ధం వచ్చింది.

ఎందుకొచ్చిందయ్యా అంటే, సరిహద్దులో ఒక వంతెన మీద ఎవరో ఎవరినో తోశారని, తోయించుకున్నవాడు తుపాకీ పేల్చాడని పత్రికలో రాశారు. ఒక వంతెన మీద తోపులాట! నెల తిరిగేసరికి ఏడు దేశాలు దిగాయి, ఏడాది తిరిగేసరికి ఇరవై. ఆ వంతెన ఎక్కడుందో కూడా తెలియని ద్వీపాల నుంచి మనుషులు ఓడలెక్కి చావడానికి వచ్చారు. ఎందుకమ్మకు అసలే నిద్రపట్టని బుర్ర, ఇక చెప్పాలా? పై వాటాలో ఉండే హెడ్మాస్టారి దగ్గరికి మెట్లెక్కి వెళ్ళింది.

ఆయన ఓపికమంతుడు. గోడకున్న పటం ముందు నిలబెట్టి బెత్తంతో చూపించాడు. ఇక్కడ బొగ్గు గనులు, అక్కడ రేవులు, ఇదిగో ఈ నది గురించి మా తాతగారి కాలం నుంచి తగువు, అది కాక ఒకరికొకరు రాసుకున్న రహస్య ఒప్పందాలు. "వంతెన వట్టి సాకమ్మా. ఎండిన గడ్డి మీద అగ్గిపుల్ల పడింది, అంతే."

"గడ్డిని ఎండబెట్టిందెవరు మాస్టారూ?"

ఆయన బెత్తం దించి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అందరూ తలా కాస్తా" అన్నాడు చివరికి.

క్షౌరశాల ఆయన్ని అడిగితే రాజుల పొగరంతా అన్నాడు. వాళ్ళమ్మను అడిగితే "పనీపాటా లేని మగాళ్ళు కొట్టుకుంటున్నారు, ఇంకేముంది" అని తేల్చేసింది. అన్నీ నిజమే అనిపించాయి గానీ, ఎందుకమ్మకు ఒక చోట ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. తోపులాట ఆగస్టులో. బురుజు గుండీలు ఏప్రిల్లో. ఆగస్టులో ఎవరో ఎవరినో తోస్తారని ఏప్రిల్లోనే వాటిని చేయించినవాడికి ఎలా తెలిసింది? ఈ ప్రశ్న ఆమె పదిమందినీ అడిగింది. పదిమందీ పక్కకు చూశారు. దుప్పి సంగతి మాత్రం ఆమెకే తట్టలేదు, అది నిజం. పత్రికల నిండా శత్రువు బొమ్మలే వచ్చేవి. కోరలు వేసేవారు, గోళ్ళు వేసేవారు, తోక కూడా వేసేవారు. శత్రువుకు గుండీలు వేసినవాడు లేడు.

రెండో ఏడు వచ్చేసరికి ఇత్తడి కరువైంది. సర్కారువాళ్ళు ఇల్లిల్లూ తిరిగి తలుపు పిడులు, కుళాయిలు ఊడబెరుక్కెళ్ళారు. హెడ్మాస్టారి బడిగంట కూడా కార్ఖానా గుమ్మం ముందుకు వచ్చి పడింది. ఎందుకమ్మ దాన్ని గుర్తుపట్టి పైటకొంగుతో తుడిచింది. ఆ మధ్యాహ్నమే కొలిమిలో వేశారు. ఆ తరవాత మాస్టారు బడిలో చెక్కముక్క మీద కొట్టి పిల్లల్ని పిలిచేవాడు. పిల్లలు వినపడలేదని అబద్ధమాడి ఇంకాసేపు ఆడుకునేవాళ్ళు.

ఆ ఏడే తమ్ముడికి పిలుపొచ్చింది. వాడు బోర్డులు రాసే పెయింటరు. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు వాడి చేతి అక్షరాలే. పంతొమ్మిదేళ్ళు నిండాయో లేదో, వదులు కోటు తగిలించుకుని నవ్వుతూ ఇంటికొచ్చాడు, మర్నాడు బండెక్కాలి. కోటుకు పైనుంచి రెండో గుండీ లేదు.

"ఇదిగో, మీ కార్ఖానా పనితనం" అన్నాడు వెక్కిరిస్తూ.

"గుండీ మాదే, కుట్టింది మేం కాదులేరా" అంది అక్క.

ఆమె దగ్గర ఒక తప్పు గుండీ ఉంది. ఒక్కోసారి అచ్చులోంచి బిళ్ళ తీయడం ఆలస్యమై, దిమ్మ దాని మీదే రెండోసారి దిగిపోతుంది. బొమ్మ మీద బొమ్మ పడుతుంది. ప్రెస్సు మీద కూర్చున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. అలాంటివి కరిగించే డబ్బాలో వేయాలి. బురుజు పక్కనే వంకరగా ఇంకో బురుజు పడిన గుండీని ఎందుకో పారేయబుద్ధి కాక ఆమె దాచుకుంది. దాన్ని తీసి వాడి కోటుకు గట్టిగా కుట్టింది. వాడు తల వంచి చూసుకుని, "అబ్బో! అందరిదీ ఒక బురుజు, నాది జంట బురుజులా! నన్ను చూస్తే శత్రువు భయపడతాడా, నవ్వుతాడా?" అన్నాడు.

"నవ్వితే మంచిదేగా. నవ్వేవాడి గురి తప్పుతుంది."

"వెనక మూడు చుక్కలు. నా వీపు మీద కూడా వేసెయ్యి అక్కా, తప్పిపోతే నీకే చేరుస్తారు."

ఆ మాటకు తల్లి వాడి నెత్తిన ఒక్కటి మొట్టింది.

మూడో ఏడు కాగితం వచ్చింది. ఇటుక బట్టీల దగ్గర జరిగిన పోరులో మీవాడి ఆచూకీ తెలియలేదు, అంతే. చనిపోయాడని లేదు, బతికున్నాడని లేదు. చదివిన హెడ్మాస్టారు కాగితం వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమైనా ఉంటుందేమోనని.

నాలుగో ఏటి చివర యుద్ధం ముగిసింది. మనమే గెలిచామట. వీధిలో రెండిళ్ళలో ఒకదానికి మగదిక్కు లేదు, ఎక్కడా కుళాయిలు లేవు, అయినా గెలిచాం. అప్పుడు సర్కారు ఆఫీసు నుంచి గుమాస్తా ఒక ఫారం పంపాడు. ఆచూకీ తెలియనివాళ్ళ ఫైళ్ళు మూసేస్తున్నారు. మావాడు మరణించినట్టుగా ఒప్పుకుంటున్నాను అన్న వాక్యం కింద తల్లి సంతకం చేయాలి. నలభై రోజులు గడువు.

తల్లి ఫారం తీసుకుని కూతురి ముందు పెట్టింది. "పుట్టిందగ్గర్నుంచి అడ్డమైన సంగతులన్నీ తవ్వి తెలుసుకున్నావు కదే. ఇదొక్కటి తెలుసుకుని చెప్పు. పోయాడని నువ్వు చెప్పు, సంతకం పెడతాను. నీకు తెలియకుండా మాత్రం పెట్టను."

 జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్న ఎందుకమ్మను భయపెట్టింది. గొడుగు విప్పితే ఊచలుంటాయి, తాళం విప్పితే స్ప్రింగులుంటాయి. దీన్ని విప్పితే ఏముంటుందో!

అదే వారం కార్ఖానాకు పాత కోట్లు రావడం మొదలైంది. యుద్ధం అయిపోయింది కదా, ఇక కుళాయిలు కావాలి, తలుపు గడియలు కావాలి, ఇత్తడి ఎక్కడుంది? కోట్ల మీద ఉంది. గుండీలు కోసి కొలిమికి, బట్ట కంబళ్ళ మిల్లుకు. గోనె బస్తాల్లో కుక్కిన కోట్లు షెడ్డు నిండా పోశారు. ఒక్కో బస్తాకు ఒక్కో చీటీ, ఈ కోట్లు ఏ ఆసుపత్రిలో పోగుచేశారో, ఏ శిబిరంలో విడిపించారో దాని మీద ఉంటుంది. బ్లేడు పట్టుకుని కూర్చున్న ఎందుకమ్మకు ఆ చీటీలు చూడగానే తట్టింది. జంట బురుజుల గుండీ ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది ఏ బస్తాలో దొరికితే ఆ చీటీయే తమ్ముడి కబురు.

మిగతా పదిమందికీ చెప్పింది. చెప్పీ చెప్పకముందే ఐదో ప్రెస్సావిడ "మేం కళ్ళు మూసుకుని కోస్తామా ఏంటి, చూస్తాంలే" అని కసిరింది. ఆవిడ భర్త కూడా తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి షెడ్డులో ఒక్క గుండీ కూడా ముందు చూడకుండా డబ్బాలో పడలేదు. మూడు వారాలు గడిచాయి. బురుజులు, బురుజులు, రాసులకొద్దీ బురుజులు, అన్నీ ఒంటివే. గడువులో ఇరవై రెండు రోజులు కరిగిపోయాయి.

ఇరవై మూడో రోజు వచ్చిన బస్తాల్లో కోట్ల రంగు వేరు. బూడిద రంగు. "శత్రువులవి" అన్నాడు మోసుకొచ్చిన మనిషి, "ఏడో నంబరు ఖైదీల శిబిరం నుంచి. పేలు పట్టాయని విప్పించారు, జాగ్రత్త." ఎందుకమ్మ ఒక కోటు లాగి, గుండీ మీద మసి బొటనవేలితో రుద్దింది. కొమ్ములు కనిపించాయి. దుప్పి.

ఒక్క క్షణం ఆమెకు పాత స్నేహితురాలు ఎదురైనట్టే అనిపించి ముచ్చటేసింది కూడా. "ఇది ఎక్కడో చూశానే" అనుకుంది. ఆ తరవాత బ్యాండు మేళం గుర్తొచ్చింది. బ్లేడుతో దారం కోసి, గుండీ వెనక్కి తిప్పింది. మూడు చుక్కలు.

ఇంకో కోటు. నాలుగు చుక్కలు, ఒక చుక్క, మళ్ళీ మూడు. పెట్టెల్లో అన్నీ కలిసిపోయినవే కాబట్టి దాదాపు ప్రతి రెండో కోటుకూ ఆమెదొకటి ఉంది. పక్కనున్నవాళ్ళు కూడా తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. ఎవరి చుక్కలు వాళ్ళకు దొరికాయి.

ఎందుకమ్మ గుప్పెడు గుండీలు తీసుకుని మేస్త్రీ ముందు పోసింది. "మేస్త్రీ గారూ, మన బ్యాండు మేళం వచ్చింది."

ఆయన ఒకటి తీసుకున్నాడు, తిప్పాడు. ఆయన అల్లుడు మొదటి ఏడే పోయాడు. "యజమాని బ్యాండు మేళం అన్నాడు, నేనూ బ్యాండు మేళం అన్నానమ్మా" అన్నాడు. "నువ్వు అడిగావు. నేను అడగలేదు. అడిగినదాన్ని చూసి నవ్వాను."

ఆమెకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు, తన మీద వచ్చింది. అడిగింది సరే, అడిగి ఊరుకుందిగా? ఊరుకుని ముప్ఫై ఆరు వేలు కొట్టిందిగా?

మర్నాడు మధ్యాహ్నం ఐదో ప్రెస్సావిడ కెవ్వుమని అరిచింది. అందరూ పరుగెత్తారు. ఆవిడ ఒళ్ళో బూడిద రంగు కోటు ఉంది, శత్రువు కోటు. ఏడు దుప్పుల మధ్యన, పైనుంచి మూడోది, వంకరగా అంటుకున్న రెండు బురుజులు.

ఎందుకమ్మ తిప్పి చూసుకుంది. మూడు చుక్కలు ఉన్నాయి. దారం మాత్రం తనది కాదు, కుట్టు తనది కాదు, ఎవరో చేతకాని మగవాడు కుట్టిన కుట్టు. ఇది ఈ కోటువాడి చేతికి ఎలా వచ్చింది? చంపి తీసుకున్నాడా? చచ్చినవాడి కోటులోంచి కోసుకున్నాడా? కోటు కాలరు లోపల ఖైదీ నంబరు రాసి ఉంది. ఆమె ఆ కోటు మడిచి సంచిలో దాచుకుంది. తల్లికి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆదివారం తెల్లవారగానే రైలెక్కి, సగం రోజు ప్రయాణం చేసి ఏడో నంబరు శిబిరం గేటు ముందు దిగింది. ముళ్ళతీగ వెనక పాత ధాన్యం గిడ్డంగులు. ఖైదీలు తమ దేశానికి వెళ్ళే బండి కోసం ఎదురుచూస్తూ కుర్చీలు బాగుచేస్తున్నారు. గేటు అధికారి ఆమెను ఎగాదిగా చూసి, "ఆ ఖైదీని చూడాలా? ఎందుకు?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఆ మాట ఒకరు అడగడం అదే మొదలు. కోటు చూపించి జరిగిందంతా చెప్పింది. ఆయన కాసేపు మీసం గోక్కుని లోపలికి పిలిచాడు.

వచ్చిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. బక్కపలచటి ఒళ్ళు, తలకు మించిన చెవులు. ఎందుకమ్మ గుండీ అరచేతిలో పెట్టి ముందుకు చాపింది. ఆయన గుండీ చూశాడు, ఆమె ముఖం చూశాడు, మళ్ళీ గుండీ చూశాడు.

"అక్క?" అన్నాడు.

ఆమె ఖైదీలు బాగుచేసిన కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది.

రెండేళ్ళ ఖైదులో ఆయన వచ్చీరాని మాటలు కొన్ని నేర్చుకున్నాడు. మిగతాది చేతులతో చెప్పాడు. ఇటుక బట్టీల దగ్గర పోరు ఆగాక గాయపడ్డవాళ్ళను మోయడం ఆయన పని. బట్టీ గోడ పక్కన ఒక కుర్రాడు, బురుజు కోటు, మోకాలి కింద నెత్తురు. శత్రువైతే ఏం, బతికున్నాడు కదా అని స్ట్రెచరు మీదికి ఎత్తారు. నొప్పికి ఆ కుర్రాడు ఈయన కోటు ముందు పట్టుకుని గుంజాడు. గుండీ ఊడి వాడి చేతిలోకి వచ్చింది. వాడు దాన్ని తిప్పి చూశాడు. చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"పిచ్చి పట్టింది అనుకున్నా. నవ్వు, ఏడుపు. చుక్కలు చూపిస్తాడు. అక్క, అక్క అంటాడు. తన కోటు గుండీ లాగి నాకు ఇచ్చాడు. నాది తను ఉంచుకున్నాడు. అక్క అంటే ఏంటో తెలీదు నాకు. ఇక్కడికి వచ్చాక వంటమనిషి పాప పిలిచింది తన అక్కని. అప్పుడు తెలిసింది."

"తరవాత?" అంది ఎందుకమ్మ.

"మా ఆసుపత్రి. కాలు తీశారు, ఇక్కడికి, మోకాలికి. మూడు రోజులు నేనే చూశా. మాట్లాడాడు, తిన్నాడు. గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాలు రాశాడు. తరవాత మీవాళ్ళు నన్ను పట్టుకున్నారు. తరవాత తెలీదు." ఆసుపత్రి పేరు ఆమె తెచ్చిన కాగితం మీద రాసిచ్చాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఇంత చెప్పినా వదిలే మనిషి కాదు కదా! "యుద్ధానికి ముందు మీరు ఏం పని చేసేవారు?"

ఆయన రెండు చేతులూ ఎత్తి, గాలిలో ఏదో గొట్టం పట్టుకున్నట్టు వేళ్ళు ఆడించాడు. "క్లారినెట్. బ్యాండు. యుద్ధంలో బ్యాండు వాళ్ళకి వాయిద్యం తీసుకుని స్ట్రెచరు ఇస్తారు."

ఎందుకమ్మకు నవ్వొచ్చింది, ఆపుకోలేని ఏడుపూ వచ్చింది. యాభై వేలల్లో ఒక్కడు నిజంగానే బ్యాండువాడు! మేస్త్రీ చెప్పింది ఆ ఒక్కడి విషయంలో అబద్ధం కాదు. అసలు తగువు ఎందుకొచ్చిందని వాళ్ళ దేశంలో చెప్పారో అడిగితే, వంతెన మీద ముందు తోసింది మీరేనట అన్నాడు.

"కోట్లు మీకెప్పుడు ఇచ్చారు?"

"మే నెల. చాలా ఎండ. ఇప్పుడెందుకు కోటు అని అడిగాం. చలికాలం వస్తుంది అన్నారు."

సెలవు తీసుకునేటప్పుడు ఆమె గుండీని తిరిగి ఆయన చేతిలో పెట్టబోయింది. ఆయన తల అడ్డంగా ఊపి, "అమ్మకి" అన్నాడు. మంచి మాటే. కానీ తన కోటు గుండీలు కొట్టింది ఈమేనని ఆయనకు తెలుసు. ఎందుకు కొట్టావని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని దారి పొడుగునా అనుకుంది.

ఇంటికొచ్చి తల్లికి గుండీ ఇచ్చి అంతా చెప్పింది. కాలు తీశారన్న మాట దగ్గర తల్లి ఒకసారి కళ్ళు మూసుకుంది, అంతే. "కాలే కదా, మనిషి ఉన్నాడు" అని, సర్కారు ఫారం మడిచి అలమరలో గిన్నెల కింద పరిచింది.

ఆఫీసు గుమాస్తా మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకునే ఘటం కాదు. గుండీని అటూ ఇటూ తిప్పి, "దీన్ని సాక్ష్యంగా రాసుకునే గడి ఈ ఫారంలో లేదమ్మా" అన్నాడు.

"ఎందుకు లేదండీ?"

"లేదంటే లేదు."

"అదే, ఎందుకు లేదూ అని."

మూడు రోజులు ఆమె ఆ బల్ల ముందు నుంచి కదలలేదు. ఆమె అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడం కన్నా రాయడమే సుఖమని నాలుగో రోజు ఆయనకు జ్ఞానోదయమైంది. "ఇతర వివరాలు" అన్న గడిలో గుండీ, చుక్కలు, క్లారినెట్ మనిషి, ఆసుపత్రి పేరు అన్నీ ఎక్కించి పైకి పంపాడు.

ఐదు నెలలకు తమ్ముడు వచ్చాడు. చంకల కింద కర్రలు, ముఖం నిండా గడ్డం. కాలు మానాక వాడిని వాళ్ళ ఖైదీల శిబిరంలో పెట్టారట, రాసిన ఉత్తరాల్లో ఒక్కటీ సరిహద్దు దాటలేదట. గడప దాటగానే తల్లి వాడి భుజాలు, చేతులు, చెవులు తడిమి తడిమి చూసి, చివరికి వీపు మీద ఒక్కటి చరిచి భోరుమంది. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. హెడ్మాస్టారు మెట్లు దిగి వచ్చి వాడి తల నిమిరి మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక అక్కా తమ్ముడూ బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. వాడు జేబులోంచి దుప్పి గుండీ తీసి బల్ల మీద పెట్టాడు. వాడి కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి, కానీ రెండేళ్ళకు పైగా మోస్తున్న మాట ఒకటి వాటి వెనక ఉంది.

"అక్కా, వాళ్ళ గుండీ కూడా నువ్వే చేశావా?"

"చేశాను."

"ఎందుకే?"

ఎందుకమ్మను ఎందుకని అడిగాడు వాడు. పదిమందినీ నిలదీసిన మనిషి తల ఎత్తలేకపోయింది. "బ్యాండు మేళానికన్నార్రా" అంది. "యాభై వేలమందా అని అడిగాను. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను."

వాడు గుండీని వేలితో బల్ల మీద తిప్పాడు. అది తిరిగి తిరిగి పడిపోయేదాకా చూశాడు. "నా కాలికి కాల్చినవాడి కోటు మీద కూడా నీది ఉండే ఉంటుంది" అన్నాడు. కోపంగా అనలేదు. "నన్ను మోసినవాడి మీద ఉందని మాత్రం నాకు తెలుసు. స్ట్రెచరు మీద పడుకుని అదే ఆలోచించా. మా అక్క ఒక్క మాట ఇంకా గట్టిగా అడిగి ఉంటే ఏమయ్యేది అని."

"ఏమయ్యేదంటావు?"

"ఏమో. నాకెలా తెలుస్తుంది? ఎవరూ అడిగి చూళ్ళేదుగా."

ఆమె ఏడ్చింది. వాడు కర్ర చాపి ఆమె మోచేతిని పొడిచి, "ఊరుకోవే, గుండీ గట్టిగానే కుట్టావులే, నాలుగు మైళ్ళు బురదలో పాకినా ఊడలేదు" అన్నాడు.

ఆ తరవాత ఏడాదిన్నరకు కార్ఖానా బోర్డు వాడే కొత్తగా రాశాడు, స్టూలు మీద కూర్చుని. షెడ్డులో ఇప్పుడు కుళాయిల పని, గడియల పని. ఎందుకమ్మ మూడో ప్రెస్సు మీద, పిడి పక్కనే, జంట బురుజుల గుండీని దుప్పి గుండీని పక్కపక్కన మేకుకు తగిలించుకుంది. ఒక పొద్దున మేస్త్రీ కొత్త అచ్చులు పట్టుకొచ్చాడు. లంగరు బొమ్మ.

"ఎవరికండీ ఇవి?" అంది ఎందుకమ్మ.

"పైదేశంలో ఏదో ఓడల కంపెనీ నౌకర్లకట."

"ఎన్ని?"

"మూడు లక్షలు."

ఆమె పిడి మీద నుంచి చేయి తీసేసింది. "అన్ని గుండీలు వేసుకునే నౌకర్లా? ఎన్ని ఓడలున్నాయండీ వాళ్ళకి?"

పక్కన ధబ్బు ధబ్బుమంటున్న రెండో ప్రెస్సు ఆగింది. ఐదోది ఆగింది. ఒకటి తరవాత ఒకటి పదకొండూ ఆగాయి. పదకొండుమందీ మేస్త్రీ వైపు చూస్తున్నారు.

ఈసారి మేస్త్రీ నవ్వలేదు, విసుక్కోనూ లేదు. మేకుకు వేలాడుతున్న రెండు గుండీల వంక చూసి, చేతిలో కాగితం మడిచాడు. "ఉండమ్మా, అడిగొస్తాను" అని యజమాని గది మెట్లెక్కాడు. ఆయన తిరిగొచ్చేదాకా షెడ్డులో ఒక్క ప్రెస్సూ కదలలేదు.